సింకు కింద అలమారకి చైల్డ్ లాక్: మూడు నెలలు వాడాక

మా బుడ్డోడికి ఏడాదిన్నర. సింకు కింద అలమార తెరిచి, నేను కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టిన ఫినాయిల్ తీసి మూత చీకుతూ కనిపించాడు, మూత గట్టిగా బిగించి ఉంది కాబట్టి సరిపోయింది గానీ నా చేతుల వణుకు తగ్గడానికి గంట పట్టింది. ఆ రాత్రే ఈ అంటించే పట్టీ లాకులు ఆర్డర్ పెట్టాను.

సన్‌మైకా మీద బాగా పట్టుకుంది. రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి, వాడి వల్ల కావట్లేదు. పెయింట్ చేసిన చెక్క తలుపుకి మాత్రం వారంలో ఊడొచ్చింది, జిడ్డంతా తుడిచి మళ్లీ అంటించి ఒక రోజు కదపకుండా వదిలేస్తే నిలిచింది. అత్తయ్యగారికి తీయడం కష్టమై ఒక్కోసారి తెరిచే ఉంచేస్తున్నారు, అందుకే యాసిడ్, ఎలుకల మందు పై అరలోకి మార్చేశాం, ఫినాయిల్ కూడా దాని డబ్బాలోనే.

ఇంకోటి, పిల్లలు ఏదైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. యాసిడ్ అయితే పైకొస్తూ గొంతుని మళ్లీ కాలుస్తుంది, కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ సీసా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి చేయండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 ఫ్రిజ్ మీద రాసి అంటించాను.

లాక్‌కి నాలుగు స్టార్లు.