పాలు పిండే వేళకు ఎండ ఉండదు: మా కొట్టంలో గోబర్ గ్యాస్, సోలార్

మొయినాబాద్ పక్కన మాకు తొమ్మిది బర్లు, ఐదు ఆవులు ఉన్నాయి. పాలల్లో సగం మెహదీపట్నం, అత్తాపూర్ ఇండ్లకు పోతాయి. మిగిలినవి కోవా చేసి మిఠాయి దుకాణాలకు ఇస్తాం. ఈ కొట్టానికి 6 ఘనపు మీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్ ప్లాంటు, 5 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాం. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ చూశాకే ఈ రివ్యూ రాస్తున్నాను. గ్యాస్ ప్లాంటుకు ఐదుకు ఐదు ఇస్తాను. సోలార్ సామానుకు నాలుగు, దాన్ని బిగించిన కంపెనీ సర్వీసుకు రెండు.

ముందు గ్యాస్ సంగతి. దీనబంధు అంటే భూమిలో ఇటుకలతో కట్టే గుమ్మటం. అఫ్‌ప్రో అనే సంస్థ 1984లో తెచ్చిన నమూనా ఇది. ఇనుప డ్రమ్ము పైకీ కిందికీ కదిలే పాత ఖాదీ కమిషన్ నమూనాలో ఉన్నట్టు తుప్పు పట్టే భాగం ఇందులో లేదు. బజార్లో ఇప్పుడు పెద్ద సంచి లాంటి బెలూన్ ప్లాంట్లు బాగా అమ్ముతున్నారు. రెండు రోజుల్లో బిగించి పోతారు, అవసరమైతే విప్పి ఇంకోచోట పెట్టుకోవచ్చు. కౌలు భూమిలో కొట్టం ఉన్నవాళ్లకు అవే మేలు. చేవెళ్ల వైపు తెలిసినవాళ్ల దగ్గర చూశాను, ఎలుకలు కొరికిన చోటల్లా అతుకులే. మాది సొంత భూమి కాబట్టి ఇటుకకే మొగ్గాం. మేస్త్రీ దొరకడమే కష్టం. గుమ్మటం కట్టడం తెలిసినవాళ్లు తక్కువ, మామూలు ఇండ్ల మేస్త్రీకి అప్పజెప్పకండి. మాకు దొరికిన పెద్దాయన పని అయ్యాక, "అమ్మా, పగిలితే నన్ను పిలువు, పగలది గాని" అని పోయాడు. ఇప్పటిదాకా వెంట్రుకంత పగులు లేదు.

లెక్క ఇట్లా ఉంటుంది. బర్రె రోజుకు సుమారు 15 కిలోల పెండ వేస్తుంది, ఆవు 10 కిలోలు. మా పశువులన్నిటిదీ కలిపితే 185 కిలోల దాకా వస్తుంది. ఘనపు మీటరు ప్లాంటుకు రోజుకు 25 కిలోల పచ్చి పెండ కావాలి. అంటే మా ప్లాంటుకు 150, మిగిలింది పెంటకుప్పకు. ఒక ఘనపు మీటరు గ్యాస్ దాదాపు 0.43 కిలోల వంటగ్యాస్‌తో సమానం. ప్లాంటు నిండుగా పనిచేస్తే నెలకు 14.2 కిలోల సిలిండర్లు ఐదుకు పైగా కాల్చినట్టే. కోవా చేసేవాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో చెప్పనక్కర లేదు. పాలు చిక్కబడేదాకా మంట ఆగకూడదు, గరిటె ఆగకూడదు. కట్టెల పొయ్యి ముందు కండ్లు మండించుకున్న మా అత్తమ్మ ఇప్పుడు పొగ లేని పొయ్యి దగ్గర కూర్చుని కోవా తిప్పుతుంటే నాకు ఆ ప్లాంటు మీద కృతజ్ఞతే కలుగుతుంది. పాల క్యాన్లు, పిండే మిషన్ గొట్టాలు కడగడానికి కాగిన నీళ్లు కూడా దీని మీదే.

మామూలు గ్యాస్ పొయ్యి దీనికి పనికిరాదు. గోబర్ గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 65 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ బొగ్గుపులుసు వాయువు. ఒత్తిడీ తక్కువే. అందుకే రంధ్రం పెద్దగా ఉండే ప్రత్యేకమైన పొయ్యి కొనాలి. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీళ్లు చేరాయని అర్థం. పైపు దారిలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట నీళ్లు వదిలే కొళాయి పెట్టించారా లేదా అని పని అప్పుడే చూసుకోండి. కొత్త ప్లాంటులో మొదట వచ్చే గ్యాస్ మండదు, దాన్ని గాలిలోకి వదిలేయాలి. ప్లాంటు మూతి దగ్గర అగ్గిపుల్ల గీయడం, లోపలికి మనిషి దిగడం, ఈ రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. పిల్లలకూ పనివాళ్లకూ మళ్లీ మళ్లీ చెప్పాలి.

ఇంకో ముఖ్యమైన మాట, అమ్మేవాళ్లు చెప్పనిది. పెండను గ్యాస్ చేసేది లోపలి సూక్ష్మజీవులు. కొట్టం ఫినాయిల్‌తో కడిగిన నీళ్లు ప్లాంటులోకి పోతే అవి చస్తాయి. పొదుగువాపుకు యాంటీబయోటిక్ సూదులు వేసిన బర్రె పెండను మేము కోర్సు అయ్యేదాకా విడిగా కుప్ప మీదే వేస్తాం. మట్టి, ఇసుక కలిసిన పెండ కూడా వద్దు, అడుగున పేరుకుని ప్లాంటు లోపలి జాగాను తినేస్తుంది. సమపాళ్లలో పెండ, నీళ్లు కలిపి, గడ్డి పోచలు తీసి వదలడమే రోజూ ఉండే పని. చలికాలం గ్యాస్ తగ్గుతుంది. ఆ సూక్ష్మజీవులకు 35 డిగ్రీల దగ్గరి వేడి ఇష్టం, మొయినాబాద్ వైపు డిసెంబర్ రాత్రులు వాటికి పడవు. మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టిన నీళ్లతో కలపడం, గుమ్మటం మీద వరిగడ్డి పరచడం చేస్తే కొంత నయం. ఆ రోజుల్లో ఒక సిలిండరు దగ్గర పెట్టుకోవాల్సిందే.

"దీనితో కరెంటు తీయరాదా?" అని చూడడానికి వచ్చినవాళ్లంతా అడుగుతారు. బోయిన్‌పల్లి మార్కెట్లో తీస్తున్నారు కదా అంటారు. అక్కడ రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్ల దాకా తీసేలా, తార్నాకలోని ఐఐసీటీ అనే పరిశోధన సంస్థ పరిజ్ఞానంతో ప్లాంటు కట్టారు. మనది కిలోల లెక్క. మా గ్యాస్ మొత్తం ఇంజనులో పోసినా తొమ్మిది పది యూనిట్లు మించవు. పైగా గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజనును తినేస్తుంది. ఈ సైజులో గ్యాస్‌ను మంటకే వాడాలి, కరెంటుకు సోలార్ చూసుకోవాలి.

ఇక సోలార్. పాల కొట్టానికి సోలార్ అమ్మేవాళ్లు చెప్పని అసలు చిక్కు వేళది. మేము పాలు పిండేది తెల్లవారుజామున నాలుగింటికి, మళ్లీ సాయంత్రం. పలకల మీద ఎండ బాగా పడేది పదింటి నుంచి మూడింటి దాకా. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున మాకు ఇరవై దాకా వస్తాయి, కానీ అవసరమైన వేళకు రావు. అందుకని పనులనే జరిపాం. సూపర్ నేపియర్ గడ్డి కత్తిరించడం ఇదివరకు పొద్దున్నే ఉండేది, ఇప్పుడు పదకొండు తర్వాతే. తొట్లకు నీళ్లు నింపడం, దాణా కలపడం కూడా ఎండ వేళకే. మిగిలిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది. పిండే మిషనుకు, లైట్లకు, పాలు 4 డిగ్రీలకు చల్లబరిచే కూలరుకు రాత్రి ఆ బ్యాటరీయే ఆధారం. పొదుగు నుంచి వచ్చిన పాలు ఒంటి వేడి మీద ఉంటాయి, ఎంత త్వరగా చల్లబడితే అంత నిలుస్తాయి. కరెంటు పోయిన రాత్రి పాలు విరిగితే మర్నాడు పొద్దున నలభై ఇండ్లకు జవాబు చెప్పాలి.

ఇన్వర్టరు గురించి గట్టిగా చెప్తాను. మాకు ధరలు ఇచ్చిన కంపెనీల్లో ఎక్కువ మంది లైను కరెంటుతో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరే రాశారు, అది చవక. కానీ లైను కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన పలకల కరెంటు తగలకుండా దాన్ని అట్లానే తయారు చేస్తారు. పైన ఎండ మండుతున్నా కింద ఫ్యాను తిరగదు. పశువులున్న చోట, లైను పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరే కావాలి. అట్లాగే మోటరు మొదలయ్యేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు లాగుతుంది. గడ్డి మిషనుకు 2 హెచ్‌పీ మోటరు మా 5 కిలోవాట్ల ఇన్వర్టరు మీద తడబడకుండా నడుస్తుంది. అంతకన్నా పెద్దది పెట్టాలంటే ముందే కంపెనీతో నడిపించి చూపించమనండి.

మే నెలలో ఎండ ఎక్కువ కాబట్టి కరెంటూ ఎక్కువ వస్తుందని అనుకుంటారు. పలకల లెక్క 25 డిగ్రీల దగ్గర వేస్తారు. మండే ఎండలో అవి 60 దాటుతాయి, పదోవంతుకు పైనే తగ్గుతుంది. గడ్డి మిషను దుమ్ము వాటి మీద పడితే ఇంకా తగ్గుతుంది. మాకు అనుకోకుండా దొరికిన మేలు ఏమిటంటే, రేకుల మీద పలకలు నీడ పట్టడంతో కింద వేడి తగ్గింది. నల్ల తోలు, తక్కువ చెమట ఉన్న బర్రెకు ఎండ ఎంత బాధో కొట్టంలో ఒక మధ్యాహ్నం నిలబడితే తెలుస్తుంది.

కంపెనీకి రెండే ఎందుకంటే, బిగించడం శుభ్రంగా చేశారు, డబ్బు ముట్టాక ఫోన్లు ఎత్తడం తగ్గింది. వానాకాలంలో ఇన్వర్టరు ఎర్ర లైటు చూపించి ఆగితే మనిషి వచ్చేసరికి వారం దాటింది. ఆ వారమంతా చేత్తో పిండాం. పేరు రాయను, కానీ ఒప్పందంలో ఎన్ని గంటల్లో వస్తారో రాయించుకోమని మాత్రం అందరికీ చెప్తాను.

సబ్సిడీ గురించి చాలామంది అడిగారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయలు ఇంటి మీటరుకే. వేరే మీటరు ఉన్న కొట్టానికి వస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. గోబర్ గ్యాస్‌కు కేంద్రం 2025-26 దాకా ప్రకటించిన జాతీయ పథకం కింద 1 నుంచి 25 ఘనపు మీటర్ల ప్లాంట్లకు సాయం పెట్టారు. ఇప్పుడు ఏముందో ఇటుకలు దింపకముందే రెడ్కో (రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ) వాళ్లను అడగండి.

మా ఊళ్లు 111 జీవో పరిధిలోకి వచ్చినవి. 1996లో గండిపేట, హిమాయత్ సాగర్ నీళ్ల కోసం పెట్టిన జీవో అది. దాని మీద మా వైపు ఎన్ని వాదనలైనా ఉండనీ, వానకు కొట్టాల పెండ కొట్టుకుపోయి ఆ చెరువుల్లో కలవడం ఏ వాదనకూ నిలవదు. ప్లాంటు వచ్చాక ఆ పెండ స్లర్రీగా, అంటే గ్యాస్ పోయాక మిగిలే పలుచని ఎరువుగా మారి మా నేపియర్ మడికి, చుట్టుపక్కల కూరగాయల తోటలకు పోతుంది. వాసన లేదు, ఈగలు తగ్గాయి, యూరియా సంచులు తగ్గాయి. పశువు నెమరేసేటప్పుడు తేన్పుతో పోయే మీథేన్‌ను ఈ ప్లాంటు ఆపలేదు, పెండ కుళ్లితే పోయేదాన్ని మాత్రం పట్టుకుని మండిస్తుంది.

రెండు మూడు పశువులే ఉంటే 1 ఘనపు మీటరు ప్లాంటు చాలు, సోలార్ జోలికి పోవద్దు. పట్నం లోపల, కార్వాన్ వంటి చోట్ల ఇండ్ల మధ్య బర్లను పెట్టుకున్నవాళ్లు నన్ను అడిగితే ఒకటే ప్రశ్న వేస్తాను: స్లర్రీ ఎక్కడ పోస్తారు? రోజుకు 150 కిలోల పెండ, దానికి సమానంగా నీళ్లు లోపలికి పోతే దాదాపు అంతా బయటికి వస్తుంది. తీసుకుపోయే రైతు దొరికాకే మేస్త్రీకి బయానా ఇవ్వండి.