టారిఫ్‌తో ధరలు పెరిగితే: వడ్డీ పెంచడం మేలా, చూసీ చూడనట్టు ఊరుకోవడం మేలా?

2025 ఏప్రిల్ 2న ట్రంప్ చాలా దేశాల సరుకుల మీద కనీసం 10 శాతం దిగుమతి సుంకం (టారిఫ్) ప్రకటించినప్పుడు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) వడ్డీ రేటు 4.25-4.50 శాతం దగ్గరుంది. ద్రవ్యోల్బణం ఇంకా 2 శాతం లక్ష్యానికి పైనే ఉంది. దానికి తోడు సుంకాల వల్ల ధరలు పెరిగితే ఫెడ్ ఏం చేయాలి?

ధరలను అదుపు చేయడానికి వడ్డీ పెంచాలనే వాదన నాకు మొదటి నుంచీ బలహీనంగానే కనిపించింది. సుంకం అంటే కొనేవాడి మీద పన్ను. ఆ దెబ్బకే కొనుగోళ్లు తగ్గుతుంటే, వడ్డీ పెంచి ఉద్యోగాలు కూడా పోగొట్టడం దేనికి?

ఊరుకోవాలనే వాళ్ల లెక్క సులువు. 100 డాలర్ల వస్తువు 110 అయిందనుకోండి. ఆ ఏడాది పెరుగుదల 10 శాతం. మరుసటి ఏడాది కూడా 110 దగ్గరే ఉంటే పెరుగుదల సున్నా. వడ్డీ పెంచితే దాని ప్రభావం పూర్తిగా కనిపించడానికి ఏడాది, అంతకంటే ఎక్కువే పడుతుంది. అప్పటికి ఆ ఒక్కసారి పెరుగుదల మెట్టు దాటేసి ఉంటాం. ఫెడ్ గవర్నర్ క్రిస్టఫర్ వాలర్ గట్టిగా చెబుతూ వచ్చింది ఇదే.

లెక్క కరెక్టే. చిక్కంతా ఆ 'ఒక్కసారి' అన్న మాటతోనే. సుంకాలు ఒక్క రోజున వచ్చి ఆగలేదు, విడతలుగా వచ్చాయి, మధ్యలో మారాయి. పైగా సుంకం వేసిన చోటే ధర ఆగదు. 2018లో అమెరికా వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే, ఏ సుంకమూ లేని డ్రయర్ల ధర కూడా దాదాపు అంతే పెరిగింది. రెండూ జంటగా అమ్ముడవుతాయి కదా, కంపెనీలు పెంపును రెండింటి మీదా సర్దేశాయి!

ఇంకో భయం కూడా ఉంది. 2021లో ధరల పెరుగుదల తాత్కాలికమే అని ఫెడ్ ఊరుకుంది. 2022 జూన్‌కి అది 9.1 శాతానికి చేరింది. ఒకసారి అలా చేయి కాల్చుకున్నాక మళ్లీ 'తాత్కాలికం' అనాలంటే ఎవరికైనా టెన్షనే.

అందుకే అప్పటి ఫెడ్ ఛైర్మన్ జెరోమ్ పావెల్ మూడో దారి పట్టారు: పెంచలేదు, వెంటనే తగ్గించనూ లేదు. జూలై సమావేశంలో వాలర్, మిషెల్ బౌమన్ తగ్గించాలని ఓటేశారు. ఇద్దరు గవర్నర్లు ఒకేసారి ఎదురు ఓటు వేయడం 1993 తర్వాత అదే మొదలు. చివరికి ఉద్యోగాల మార్కెట్ నీరసించడంతో సెప్టెంబర్‌లో పావు శాతం తగ్గించారు.

నా ఓటు సుంకాల వల్ల పెరిగిన ధరలను చూసీ చూడనట్టు ఊరుకోవడానికే, కానీ షరతు మీద. ధరలు ఎలాగూ పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకంతో జనం జీతాలు పెంచమని అడగడం, కంపెనీలు ముందే రేట్లు పెంచేయడం మొదలైతే అది సుంకం తెచ్చిన మెట్టు కాదు, మామూలు ద్రవ్యోల్బణమే. అప్పుడు వడ్డీ పెంచక తప్పదు. 2025లో జీతాల పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆ పరిస్థితి రాలేదు. ఆ లెక్కన వాలర్ మాట జూలైలోనే విని వడ్డీ తగ్గించి ఉండాల్సింది.