స్పార్క్ రాని పాత కారు: పార్టు మార్చడమా, మీటరా, బల్బా? ఏది మేలు?

పాత అంబాసిడర్, పద్మినీ ఉంచుకున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, కార్బొరేటర్‌కి పెట్రోలు వస్తోంది, కానీ ప్లగ్‌లో కరెంటు లేదు. ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి? వానాకాలం మొదలైతే ఇలాంటి ఫోన్లు ఇంకా పెరుగుతాయి. ముందు పేర్లు చెప్పేస్తాను. కాయిల్ బ్యాటరీ కరెంటును స్పార్క్‌కి కావాల్సిన ఎక్కువ వోల్టేజీగా మారుస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌లో ఉండే పాయింట్లు కాయిల్ కరెంటును కలుపుతూ, తెంచుతూ ఉంటాయి. పాయింట్ల మధ్య మెరుపులను తగ్గించేది కండెన్సర్. డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరుగుతూ స్పార్క్‌ని వరసగా ఒక్కో ప్లగ్‌కి పంచేది రోటర్. నా దృష్టిలో ఉన్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ అంబాసిడర్, అయినా పాయింట్లతో నడిచే ఏ కారుకైనా పద్ధతి ఇదే.

మన దగ్గర ఎక్కువగా జరిగేది పార్టు మార్చి చూడటం. బానెట్ ఎత్తగానే "కాయిల్ పోయినట్టుంది సార్" అంటారు. కాయిల్ మారుస్తారు, రాలేదు. కండెన్సర్ మారుస్తారు, రాలేదు. తర్వాత పాయింట్లు కూడా కొత్తవి వేస్తారు. ఇలా చేస్తే ఒకవేళ బండి అందుకున్నా అసలు తప్పు ఎందులో ఉందో తెలియదు. తీసేసిన మంచి కాయిల్ పాత సామానులోకి పోతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లు అన్నీ నమ్మదగ్గవి కావు. చెడిపోయిన దాని స్థానంలో ఇంకో చెడ్డది వేసి, "ఇది కొత్తదే కదా" అని దాని జోలికి పోకుండా మిగతావన్నీ విప్పుకుంటూ పోతాం.

రెండోది బాడీకి స్పార్క్ కొట్టించడం. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోకి వచ్చే వైరును మూత దగ్గర ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లయర్‌తో ఇంజన్ బ్లాక్‌కి ఆరు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించాలి. చుట్టుపక్కల పెట్రోలు తడి, వాసన లేవని ముందే చూసుకోవాలి. టక్ టక్‌మంటూ నీలంగా, దట్టంగా దూకితే కాయిల్ దాకా అంతా బాగున్నట్టే. ఇక తప్పు మూతలోనో, రోటర్‌లోనో, ప్లగ్ వైర్లలోనో ఉంటుంది. వానలో ఆగిన బండికి చాలాసార్లు మూత లోపల పొడిబట్టతో తుడిస్తే సరిపోతుంది. నిమిషంలో ఇంత చెప్పే పరీక్ష ఇంకోటి లేదు కాబట్టి నేనూ ముందు ఇదే చేస్తాను. ప్లగ్ విప్పి బాడీకి ఆనించి చూడటం మాత్రం నాకు అంతగా నచ్చదు. బయట గాలిలో తేలిగ్గా దూకే స్పార్క్, సిలిండర్ లోపల కంప్రెషన్‌లో దూకుతుందన్న నమ్మకం లేదు.

కానీ మధ్య వైరులోనే స్పార్క్ రాకపోతే ఈ పరీక్ష ఇక ఏమీ చెప్పదు. కీ స్విచ్, కాయిల్, పాయింట్లు, కండెన్సర్, వీటిలో ఎక్కడైనా తప్పు ఉండొచ్చు. అసలు పోటీ ఇక్కడ మొదలవుతుంది, వోల్టులు, ఓంలు కొలిచే మీటర్‌కీ బల్బుకీ మధ్య.

నా ఓటు బల్బుకే. హోల్డర్‌లో పెట్టిన 12 వోల్టుల 5 వాట్ల బల్బు, రెండు వైర్లు, రెండు క్లిప్పులు చాలు. ఒక క్లిప్పు బాడీకి, రెండోది కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కి. పాత లూకాస్ కంపెనీ కాయిల్ మీద ఆ వైపు సీబీ అనీ, కీ వైపు ఎస్‌డబ్ల్యూ అనీ ఉంటుంది. కీ ఆన్ చేసి ఇంజన్ తిప్పితే, పాయింట్లు తెరుచుకున్నప్పుడు బల్బు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. అంబాసిడర్‌కి ముందు నుంచి పెట్టే హ్యాండిల్ ఉంటే ఒక్కరే చూసుకోవచ్చు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, కాయిల్ మధ్య వైరును బాడీకి ఎర్త్ చేసి, హ్యాండిల్ మెల్లగా తిప్పండి. ఒక చుట్టుకి బల్బు రెండుసార్లు వెలిగి రెండుసార్లు ఆరుతుంది.

ఈ వెలగడం, ఆరడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. స్పార్క్ దారిని అది సరిగ్గా రెండు ముక్కలు చేస్తుంది. బల్బు సరిగ్గా మినుకుతోందంటే కీ, వైర్లు, కాయిల్ లోపలి మొదటి తీగచుట్ట (బ్యాటరీ కరెంటు పారేది), పాయింట్లు తమ పని చేస్తున్నట్టే. ఇక చూడాల్సింది కండెన్సర్, కాయిల్ రెండో చుట్ట (ఎక్కువ వోల్టేజీ పుట్టేది), మధ్య వైరు. బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవట్లేదు. మసి పట్టిందో, గ్యాప్ ఎక్కువైందో, డిస్ట్రిబ్యూటర్ లోపల ప్లేటుకి ఉండే చిన్న ఎర్త్ వైరు తెగిందో చూడాలి. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు వెలగకపోతే క్లిప్పు కీ వైపు టెర్మినల్‌కి మార్చండి. అక్కడా వెలగకపోతే కీ వైపే తప్పు. అక్కడ వెలిగితే, క్లిప్పు మళ్లీ సీబీ వైపు తగిలించి, డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్న వైరును కాయిల్ దగ్గర ఊడదీయండి. ఇప్పుడు వెలిగిందా, కాయిల్ బాగుంది, డిస్ట్రిబ్యూటర్ లోపల ఏదో ఎర్త్‌కి తగులుతోంది. అప్పటికీ వెలగకపోతే కాయిల్ లోపల తెగింది.

మా బావగారి బండిలో జరిగింది ఇదే. ఒక షెడ్డులో పాయింట్లు కొత్తవి వేయించాక బండి అందుకోలేదు, కాయిల్ మార్చినా అందుకోలేదు. బల్బు పెడితే రెండు టెర్మినళ్లలో కీ వైపుదే వెలిగింది. సన్న వైరు ఊడదీయగానే రెండోది కూడా వెలిగింది. మూత తీసి చూస్తే, పాయింట్ల స్ప్రింగ్ బిగించే నట్టు కింద ఉండాల్సిన ఫైబర్ వాషర్ లేదు. స్ప్రింగ్ నేరుగా బాడీకి ఎర్త్ అవుతోంది. పాయింట్లు కంటికి తెరుచుకుంటున్నట్టే కనిపిస్తున్నాయి, కరెంటుకి మాత్రం ఎప్పుడూ మూసుకునే ఉన్నాయి. వేలి గోరంత వాషర్ కోసం కొత్త కాయిల్ కొన్నారు.

మీటర్‌తో ఇవన్నీ చూడలేమా అంటే, చూడొచ్చు. కానీ సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు డిజిటల్ మీటర్‌లో అంకెలు గెంతుతూ ఉంటాయి, ఏది నిజమో తేలదు. ఇంకో మోసం కూడా ఉంది. పాయింట్లు తెరుచుకుని ఉన్నప్పుడు కాయిల్‌లోకి కరెంటు పారదు. ఆ సమయంలో కీ స్విచ్ లోపల కాంటాక్టు తుప్పు పట్టి ఉన్నా మీటర్ నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. పాయింట్లు మూసుకుంటే మూడు ఓంల కాయిల్ నాలుగు ఆంపియర్ల దాకా లాగుతుంది, అప్పుడు తుప్పు సంగతి బయటపడుతుంది. బల్బును కీ వైపు టెర్మినల్‌కి తగిలించి హ్యాండిల్ తిప్పితే, పాయింట్లు మూసుకున్న క్షణంలో వెలుగు బాగా తగ్గిపోవడం కళ్లకే కనిపిస్తుంది. కాయిల్‌కి వెళ్లే కరెంటును తగ్గించే బాలస్ట్ రెసిస్టర్ ఉన్న బండిలో కొంత తగ్గడం మామూలే.

మీటర్ గెలిచే చోట్లు లేకపోలేదు. పాయింట్లు మూసి, సీబీ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య వోల్టేజీ చూస్తే దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు చూపిస్తే పాయింట్ల మీద సన్నటి పొర ఉన్నట్టు. బల్బు ఇంత చిన్న తేడా పట్టుకోలేదు. కాయిల్ రెండో చుట్టను ఓంలలో కొలవడానికి కూడా మీటరే కావాలి. ఇంట్లో, తీరిగ్గా ఉన్నప్పుడు మీటర్ మంచిదే. రోడ్డు పక్కన, టెన్షన్‌లో, ఒక్కరే ఉన్నప్పుడు బల్బు.

పార్టు మార్చడమే సరైన దారి అయ్యే సందర్భాలు నాకు రెండు కనిపిస్తాయి. ఒకటి, చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కాక ఆగి, మళ్లీ చల్లబడ్డాక అందుకునే కాయిల్. కొలిచేసరికి అది చల్లబడి అన్నీ సరిగ్గా చూపిస్తుంది. రెండోది కండెన్సర్. బల్బు మినుకుతోంది, కానీ స్పార్క్ పసుపుగా నీరసంగా ఉంది, పాయింట్ల మధ్య మెరుపులు ఎక్కువ. అప్పుడు మరో బండిలో నడిచిన కండెన్సర్ వైరును సీబీ టెర్మినల్‌కి కలిపి, దాని ఒంటిని బాడీకి ఆనించి చూడండి. స్పార్క్ నీలంగా మారితే పాతది లోపల తెగిపోయినట్టే, విప్పకుండానే తేలిపోతుంది.

రోటర్‌ని మీటర్, బల్బు రెండూ వదిలేస్తాయి. మధ్య వైరు కొసను రోటర్ ఇత్తడి పలక మీద మూడు మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. దాని మీదికి స్పార్క్ వరసగా దూకుతోందంటే రోటర్ లోపల చిల్లి పడి, కరెంటు కింది షాఫ్ట్‌లోకి దిగిపోతోంది. పైకి గీత కూడా కనిపించదు.

టైమింగ్ గన్ (ప్లగ్ వైరులో స్పార్క్ వచ్చినప్పుడల్లా మెరిసే లైటు) ఉంటే ప్లగ్ వైర్లకు తగిలించి చూడొచ్చు, అంతకుమించి ఈ పనికి అది అవసరం లేదు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుకోవడం వేరే చర్చ, తప్పు కనుక్కోకముందు మాత్రం వద్దు. కిట్ పెట్టిన బండిలో, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు పెట్రోలు ఇంజెక్టర్లు ఉన్న) బండ్లలో ఈ బల్బు తగిలించకండి, మధ్య వైరు ఊడదీసి గాలిలో వదిలి సెల్ఫ్ కొట్టించకండి. స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కాలిపోవచ్చు. వాటికి తయారీదారు మాన్యువల్లో చెప్పిన పద్ధతే వాడాలి.