ఆనింగ్‌కి కట్టే స్ప్రింగు పట్టీ: ఐదు సీజన్ల తర్వాత

ఆనింగ్ అంటే కారవాన్‌కి (కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇంటికి) పక్కన తగిలించే గుడ్డ గుడారం. దాని సైజు, కిటికీలు, రంగు గురించి నేనేమీ రాయను. మాది గాలి నింపే గొట్టాల పోర్చ్ ఆనింగ్, 3.3 మీటర్లది, 2021లో కొన్నాం. నేను రాయాలనుకున్నది దానికోసం విడిగా కొన్న ఒక జత స్టార్మ్ పట్టీల గురించి, అంటే గాలివానకి ఆనింగ్ ఎగరకుండా మూలల్ని నేలకి బిగించే పట్టీల గురించి. ఇంకా చెప్పాలంటే ఆ పట్టీ చివర ఉండే స్ప్రింగు గురించి.

ఆనింగ్‌తో పాటు వచ్చిన మామూలు తాళ్ళకి స్ప్రింగు లేదు. తేడా అంతా అక్కడే. గాలి ఒకే తీరుగా తోస్తూ ఉంటే నేలలో కొట్టిన మేకు తట్టుకుంటుంది. విసురు వచ్చినప్పుడే తాడు ఒక్కసారిగా బిగుసుకుని మేకుని గుంజుతుంది. ఆ గుంజుడు పదిసార్లు, ఇరవైసార్లు పడేసరికి చుట్టూ మట్టి వదులై మేకు పైకి లేస్తుంది. స్ప్రింగు ఉంటే ఆ విసురుని ముందుగా అదే మింగుతుంది. సాగుతుంది, మెల్లగా వెనక్కి వస్తుంది. మొదటి రెండేళ్ళూ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్, నార్ఫోక్ తీరాల్లో తిరిగాం. పట్టీకి కొట్టిన మేకు ఒక్కటి కూడా కదల్లేదు. ఆ ధీమాతోనే "ఇక గాలి గురించి టెన్షనే లేదు" అని కారవాన్ ఉన్న తెలుగు స్నేహితులందరికీ చెప్పాను.

2023 ఆగస్టులో మా అత్తయ్య గారు ఉప్పాడ నుంచి వచ్చారు. ఆవిడకి ఇక్కడి సముద్రం చూపిద్దామని వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్‌లో సెయింట్ డేవిడ్స్ దగ్గర, కొండ అంచున ఉన్న ఒక చిన్న క్యాంపింగ్ సైట్‌కి వెళ్ళాం. పచ్చిక కింద నాలుగైదు అంగుళాలకే రాయి తగిలింది. ఆనింగ్‌తో ఇచ్చిన సన్న మేకులు అక్కడికక్కడే వంగిపోయాయి. గట్టి ఉక్కు మేకులు మా దగ్గర నాలుగే ఉన్నాయి. ఒక్కో పట్టీకి రెండేసి, ఒకదానికొకటి అడ్డంగా ఏటవాలుగా కొట్టాం. మిగతా తాళ్ళకి ఉన్నవాటితోనే సరిపెట్టాం.

శుక్రవారం, 4వ తేదీన, బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీసు ఆంటొనీ అని తుపానుకి పేరు పెట్టింది. మర్నాడే వస్తుందని, నైరుతి వేల్స్‌కి అంబర్ హెచ్చరిక (రెడ్ తర్వాతి స్థాయి) కూడా ఇచ్చింది. అప్పుడే ఆనింగ్ దించేయాల్సింది. మావారు పట్టీల వంక చూసి "ఇవి ఉండగా ఏం కాదులే" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అత్తయ్య గారు మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అమ్మాయ్, ముందువైపు బాగానే కట్టారు. బండి కింద ఆ సందు సంగతేంటి? మా ఊళ్ళో గాలివానకి పాకల పైకప్పులు లేచిపోయేది లోపల దూరిన గాలికే" అన్నారు.

కారవాన్ కింది సందును మూసే గుడ్డ మా సంచిలోనే ఉంది. రెండు రోజులకేగా అని తగిలించలేదు. ఆ రాత్రి టార్చి వెలుగులో తగిలించాం. చక్రం దగ్గర మూసే కవరు మాత్రం రెడింగ్‌లో ఇంట్లోనే ఉండిపోయింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి గాలి హోరు మొదలైంది. కారవాన్ కిటికీలోంచి చూస్తున్నాం. మధ్యలో కట్టిన రెండు తాళ్ళ మేకులు పీక్కుపోయి, తాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి. మూలల్లో పట్టీలు మాత్రం నిలబడ్డాయి. విసురు వచ్చినప్పుడల్లా స్ప్రింగు రెట్టింపు పొడవు సాగడం, మళ్ళీ దగ్గరకి రావడం కళ్ళారా చూశాను. ఆ క్షణంలో దాని మీద నాకు కలిగిన అభిమానం ఇప్పటికీ అలాగే ఉంది.

తొమ్మిదిన్నర దాటాక అత్తయ్య గారు చెప్పిందే జరిగింది. చక్రం సందులోంచి దూరిన గాలికి నేల మీద పరిచిన షీటు పైకి లేచింది. పైకప్పు బుడగలా ఉబ్బింది. ముందు మూలల్ని పట్టీలు వదలడం లేదు. దాంతో బరువంతా ఆనింగ్ అంచుని దూర్చే అల్యూమినియం గాడి మీద పడింది. కారవాన్ గోడకి స్క్రూలతో బిగించి ఉండే ఆ గాడి వెనక చివర కిర్రుమని చప్పుడు చేసింది. పక్క పిచ్‌లో (బండి నిలుపుకునే స్థలంలో) పెద్దాయన, ఆయన భార్య కట్టుకున్న ఇనుప గొట్టాల ఆనింగ్‌కి ముందు కాలు అప్పటికే మోకాలి దగ్గర విరిచినట్టు వంగిపోయింది. ఆయన వానలోనే పరుగెత్తుకుంటూ వచ్చి, వెంటనే గొట్టాల్లో గాలి తీసేయమన్నాడు.

వాల్వులు తిప్పేసరికి రెండు నిమిషాల్లో ఆనింగ్ మొత్తం నేలమీదికి కూలింది. గాలి గొట్టాల ఆనింగ్‌ని మెచ్చుకోవాల్సింది దీనికే. విరగడానికి అందులో ఏమీ లేదు. అప్పుడు కూడా పట్టీలు పనికొచ్చాయి. కూలిన గుడ్డ ఎగిరిపోకుండా రెండు మూలల్నీ అవే పట్టుకున్నాయి. పైన నీళ్ళు నింపిన డ్రమ్ములు పెట్టి లోపలికి వచ్చేశాం. ఆ రోజు డెవన్‌లోని బెర్రీ హెడ్ దగ్గర గంటకు 78 మైళ్ళ గాలి నమోదైంది.

గుడ్డ చిరగలేదు, గొట్టాలు పగల్లేదు. పట్టీలు మమ్మల్ని కాపాడాయనే ఇంటికొచ్చాం. ఆ చలికాలం కారవాన్‌ని సర్వీసుకి ఇచ్చినప్పుడు చెమ్మ కొలిచే మీటరు గాడి వెనక చివర 24 శాతం చూపించింది. 20 దాటితే రిపేరు తప్పదన్నారు. గాడి ఊడదీసి, కొత్త సీలెంట్ వేసి బిగించినందుకు 280 పౌండ్లు అయింది. అప్పటికి బండి వయసు తొమ్మిదేళ్ళు, గాలి ఒక్కటే కారణమని చెప్పలేనని మెకానిక్ అన్నాడు. నిజమే కావచ్చు. నాకైతే ఆ కిర్రు చప్పుడు గుర్తుంది. పట్టీ లేకపోతే మేకులు ముందే ఊడేవి, ఆనింగ్ ముందే దించేవాళ్ళం. అది పట్టుకున్నంత సేపూ మేం దించలేదు.

చిన్న సంగతులు కొన్ని చెప్పాలి. పట్టీని చదునుగా కడితే గాలికి రాత్రంతా బొయ్‌మని మోగుతుంది, నిద్ర పట్టదు. కట్టేముందు ఒక్క మెలిక తిప్పితే మోత ఆగిపోతుంది. పాలిస్టర్ పట్టీయే తీసుకోండి. నైలాన్‌ది తడిస్తే సాగుతుంది, పొద్దునకల్లా వదులవుతుంది. పైకప్పు మీదుగా వేసే రకమైతే మరీ బిగించకండి. గుడ్డ లోపలికి నొక్కుకుపోయి అక్కడ వాన నీళ్ళు నిలుస్తాయి. మా బకిల్ తడిసినప్పుడు కాస్త జారుతుంది, అందుకని మిగిలిన కొసకి ఒక ముడి వేస్తాం. ఉప్పుగాలికి మూడో ఏటికే స్ప్రింగు తుప్పు పట్టింది. స్టెయిన్‌లెస్ స్ప్రింగులు విడిగా కొని మార్చుకున్నాం. ఇంత మంచి వస్తువుకి తుప్పు పట్టే స్ప్రింగు ఎందుకు పెడతారో అని ఇప్పటికీ బాధగానే ఉంది.

కొనమంటారా అని అడిగితే, మాలాంటి వాళ్ళకి కొనమంటాను. మాది చిన్న ఆనింగ్, వారాంతాల్లో రెండు మూడు రాత్రులు వేస్తాం, దించాలంటే ఇద్దరం చేతికి ఉంటాం. సీజనంతా ఒకేచోట పెద్ద ఆనింగ్ వేసి వదిలేసి, మధ్యలో ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు నా మాట మీద కొనకండి. గాలి వేగం 20 మైళ్ళ నుంచి 40కి పెరిగితే అది తోసే బలం నాలుగింతలవుతుంది. ఇప్పుడు మేం విసురు గాలి 35 మైళ్ళు దాటుతుందని కనిపిస్తే ముందు రోజు సాయంత్రమే దించేస్తున్నాం, పట్టీలున్నా సరే.

అత్తయ్య గారు వచ్చే వేసవికి మళ్ళీ వస్తామన్నారు. చక్రం కవరుని ఇప్పుడు పట్టీల సంచిలోనే పెడుతున్నాను.