క్వాస్ సీసా: వెనకవైపు చదివాక

మాస్కోలో మా రెండో వేసవికి పక్కింటావిడ నాకు క్వాస్ అనే రష్యన్ పులిసిన పానీయం అలవాటు చేసింది. వీధి మలుపులో పసుపుపచ్చ ట్యాంకు బండి, కుళాయి తిప్పితే గోధుమరంగు నురగ. రై అనే గోధుమలాంటి ధాన్యంతో చేసిన రొట్టెనో, రై మాల్టునో (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) నానబెట్టి, చక్కెర, ఈస్టు వేసి పులియబెడతారు. గుక్క వేయగానే మాడిన రొట్టె అంచు వాసన, వెనకాలే తరవాణి పులుపు. మా ఆయన ముక్కు మూసుకున్నాడు గానీ నాకు తెగ నచ్చింది.

పులిసింది కదా, పొట్టకి మంచిదని రోజూ మొదలుపెట్టాను. బండి కోసం ఎదురుచూడలేక సూపర్‌మార్కెట్‌లో రెండు లీటర్ల సీసా కొనేదాన్ని. నాకేమో షుగర్ బోర్డర్‌లో ఉంది. ఓ రోజు అనుమానమొచ్చి సీసా వెనక చూశాను: 100 మిల్లీలీటర్లకి పిండిపదార్థాలు 5.2 గ్రాములు, దాదాపు అంతా చక్కెరే. భోజనంతో నేను తాగేది అర లీటరు. అంటే 26 గ్రాములు, ఆరు చెంచాల చక్కెర! కోలాలో ఇంతకి రెట్టింపు ఉంటుంది, నిజమే. కానీ కోలాని ఎవరూ ఆరోగ్యం కోసం తాగరుగా.

పైగా అది పాశ్చరైజ్ చేసి వడగట్టిన సరుకు. వేడికి పులుపు తెచ్చే లాక్టిక్ బ్యాక్టీరియా చచ్చాక ఇక పొట్టకి నేననుకున్న మేలెక్కడిది? ఇంకోసారి తొందరలో పట్టుకొచ్చిన సీసా మీద ‘క్వాస్నోయ్ నపీతక్’ అని ఉంది, అంటే క్వాస్ లాంటి పానీయం. లోపల నీళ్లు, చక్కెర, రంగు, ఆమ్లం, సువాసన. ఈస్టు ఊసే లేదు. సింకులో పోశాను.

ఇప్పుడు ఫ్రిజ్ అరలో దొరికే అర లీటరు సీసా కొంటున్నా. పాశ్చరైజ్ చేయనిది, వడగట్టనిది. అడుగున మడ్డి ఉంటుంది, తీపి తక్కువ, నాలుగు రోజుల్లో అయిపోగొట్టాలి. మూత మెల్లగా తిప్పండి, నా కర్టెన్ మీద మచ్చ ఇంకా పోలేదు. దీనికి అయిదుకి నాలుగిస్తా. బి విటమిన్లు కాస్త ఉంటాయంటారు, వాటికోసమైతే కొనక్కర్లేదు.

మందు ముట్టనివాళ్లు ఒకటి గమనించాలి: ఇక్కడి ప్రమాణం ప్రకారం క్వాస్‌లో 1.2 శాతం దాకా ఆల్కహాల్ ఉండొచ్చు. రై ధాన్యంలో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది కాబట్టి అది పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకి అసలు పనికిరాదు.

నేను గ్లాసుడుతో ఆపేస్తున్నా. మిగిలింది అక్రోష్కాకి: ఉడికించిన బంగాళాదుంప, గుడ్డు, కీరా, ముల్లంగి ముక్కల మీద చల్లటి క్వాస్ పోసే సూపు. ముక్కు మూసుకున్న పెద్దమనిషి అది మాత్రం రెండోసారి వడ్డించుకుంటాడు.