ఫోటో చూసి పట్టుచీర కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసి పట్టుచీరకు డబ్బులు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి. నేను 11,800 రూపాయలు పోసి తెలుసుకున్న సంగతి.

మేముండేది చిత్తూరులో. అక్క కూతురి పెళ్లిలో తలంబ్రాల వేళకు మీగడ రంగు పట్టుచీర కావలసి వచ్చింది. తిరుపతిలోని ఒక దుకాణం ఫోటోలు పంపింది. అందులో ఒకటి చూడగానే నచ్చింది. మీగడ రంగు చీర, బంగారు జరీ అంచు. చెల్లెలికి చూపిస్తే “తలంబ్రాలకు నీలం చీర ఏమిటక్కా?” అంది. కళ్లజోడు మార్పించుకోమని దాన్ని ఎగతాళి చేసి, డబ్బులు పంపేశాను.

పార్సిల్ విప్పితే లేత నీలం చీర!

ఫోన్ చేస్తే “ఫోటోలో ఉన్న చీరే పంపాం మేడం” అన్నారు. అది అబద్ధం కాదు, నాకు ఒళ్లు మండేది కూడా అందుకే. ఫోటో కింద చీర నంబరు, ధర ఉన్నాయి, రంగు పేరు లేదు. బిల్లు వెనక మాత్రం “రంగులో స్వల్ప తేడా ఉండవచ్చు, వాపసు లేదు” అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మీగడకూ నీలానికీ ఉన్నది స్వల్ప తేడానా?

ఆ రాత్రి చెల్లెలు ఒక పాత శుభలేఖకు చిన్న చిల్లు పెట్టి ఫోన్ తెర మీద ఆనించింది. ఆ చిల్లులోంచి చూస్తే ఇద్దరికీ ఒకటే కనిపించింది, నీలం కలిసిన బూడిద రంగు. శుభలేఖ తీయగానే మళ్లీ నాకు మీగడ, దానికి నీలం.

కంటికి చేరేది చీర రంగు ఒక్కటే కాదు, దాని మీద పడిన వెలుగు కూడా కలిసి వస్తుంది. ఆ వెలుగు వాటాను మెదడు తీసేసి మిగిలినదాన్ని రంగుగా చూపిస్తుంది. తెల్ల పంచె ఎండలోనూ దీపం దగ్గరా తెల్లగానే కనిపించేది అందువల్లే. ఈ ఫోటోలో చీర వెనక వీధి తలుపు ధగధగలాడుతోంది. చీర నీడలో ఉందని నా మెదడు అనుకుంది. నీడలో పడే వెలుగులో నీలం ఎక్కువ కాబట్టి దాన్ని తీసేసి నాకు మీగడ రంగు చూపించింది. పైన పసుపు బల్బులున్నాయని చెల్లెలి మెదడు అనుకుంది. పసుపును తీసేస్తే మిగిలేది నీలమే.

2015లో స్కాట్లాండ్‌లో ఒక పెళ్లికి కొన్న గౌను ఫోటో మీద ప్రపంచమంతా ఇలాగే వాదించుకుంది. దాదాపు 1,400 మందిని అడిగిన ఒక పరిశోధనలో 57 శాతం నీలం–నలుపు అన్నారు, 30 శాతం తెలుపు–బంగారం అన్నారు. అసలు గౌను నీలం–నలుపే. పొద్దున్నే లేచేవాళ్లకు తెల్లగా కనిపించే అవకాశం కాస్త ఎక్కువని 2017లో మరో పరిశోధన చెప్పింది. నేను సుప్రభాతం వేళకు లేస్తాను, చెల్లెలు అర్ధరాత్రి దాకా పడుకోదు. మా ఇద్దరితోనే ఏదీ రుజువు కాదనుకోండి.

కాబట్టి ఇంట్లో నలుగురూ ఒకే రంగు అన్నంత మాత్రాన నమ్మకండి. చీరను గుమ్మం దగ్గర పగటి వెలుగులో పెట్టి, పక్కన తెల్ల కాగితం ఉంచి వీడియో కాల్‌లో చూపించమనండి. ఫోన్ కెమెరా కూడా తనకు తోచినట్టు రంగులు సరిదిద్దుతుంది, ఆ కాగితం తెల్లగా లేకపోతే చీర రంగునూ నమ్మలేం. అన్నిటికంటే ముఖ్యం, రంగు పేరును దుకాణం వాళ్లచేతే సందేశంలో రాయించుకోండి. అది నా దగ్గర ఉండి ఉంటే గట్టిగా నిలదీసేదాన్ని. మా అమ్మమ్మ ఎంత పెద్ద కొట్టుకు వెళ్లినా చీరను వాకిట్లోకి తెచ్చి చూసేది. గుమాస్తాలు విసుక్కున్నా ఆగేది కాదు.

చీర ఇంకా బీరువాలోనే ఉంది. లేత నీలం కావలసినవాళ్లుంటే ఇంటికి వచ్చి చూసుకోండి. ఫోటో మాత్రం పంపను.