కుక్కపిల్లకు "రెండు టీకాలు అయ్యాయి" అంటే నమ్మకండి, ముందు కార్డు చదవండి

హైదరాబాద్‌లో ల్యాబ్రడార్ పిల్లల కోసం వెతుకుతున్నవారికి ఈ హెచ్చరిక. ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒక అమ్మకందారు దగ్గర పిల్లను కొన్నాం. "రెండు టీకాలు అయిపోయాయి, ఇక భయం లేదు" అంటూ కార్డు చేతిలో పెట్టాడు. వారం తిరగకుండానే పిల్ల తిండి మానేసింది. ముందు వాంతులు, ఆ తర్వాత దుర్వాసనతో నెత్తురు విరేచనాలు. పరీక్ష చేస్తే పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు, అని తేలింది. సెలైన్ పెట్టించినా దక్కలేదు. నిలదీస్తే, "నీళ్లు మారాయి కదా, పడలేదేమో" అన్నాడు. నీళ్లు మారితే పార్వో రాదు!

కార్డు చూసిన పశువైద్యురాలికి విషయం వెంటనే అర్థమైంది. టీకా వేసిన డాక్టర్లు సీసా మీది లేబుల్ తీసి కార్డులో అతికిస్తారు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర వేస్తారు. మాకిచ్చిన కార్డులో పెన్నుతో రాసిన రెండు తేదీలు తప్ప మరేమీ లేవు. పుట్టిన తేదీతో పోల్చి చూస్తే, మొదటి టీకా మూడు వారాల వయసులో వేసినట్టు లెక్క తేలింది. మామూలుగా టీకాలు మొదలయ్యేదే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య.

పోనీ, ఆ రెండూ నిజంగా వేశారనుకున్నా "ఇక భయం లేదు" అనడం అబద్ధమే. ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాలపాటు టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లలో ఒక్కో తీరు. అందుకే పార్వోకు, డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బుకు టీకాలను రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు నిండేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. వయసు అడగండి, తల్లిని చూపించమనండి, డబ్బు ఇచ్చే ముందే కార్డులో ఉన్న డాక్టరుకు ఫోన్ చేయండి. తటపటాయిస్తే అక్కడ కొనకండి.

ఇలాంటి ఉత్త తేదీల కార్డుతో ఇప్పటికే పిల్లను తెచ్చుకున్నవారు ఆ టీకాలు వేయనట్టే అనుకుని ఈరోజే డాక్టరుకు చూపించండి. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లో వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది, ఫినాయిల్‌కు చావదు. నేలను బాగా కడిగి, నీళ్లు కలిపిన బ్లీచింగ్ ద్రావణంతో పది నిమిషాలు తడిగా ఉంచాలి. టీకాలన్నీ పూర్తికాని మరో పిల్లను ఆ ఇంటికి తేకండి.